జూన్‌లో పుట్టిన నా తొకాయా

అత్లిస్కో,
అక్టోబరు నెల, మంగళవారం

పెత్రా అక్కకి,

నీ చెల్లెలు లియొకాదియా ఎన్నో ముద్దులతో రాస్తున్నది. నువ్వు వెరాక్రూజ్ నుంచి పంపిన ఎండు రొయ్యలు అందాయి. అత్తయ్య వాటిలో సగం అప్పుడే తన గదిలో దాచేసుకుంది. చనిపోయినవాళ్ళ పండుగ దగ్గర పడింది కదా, బంతి తోటలు విరగబూసి ఉన్నాయి. కోతలతో ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. ఇంతటితో ముగించి సంతకం పెట్టేస్తే బాగుండేది. కానీ ఒక సంగతి నన్ను లోపల కొరికేస్తోంది. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

పోయిన నెల ఒకరోజు ఫిదెన్సియో లారీ తుడుద్దామని ఎక్కాను. ముందు అద్దానికి లోపలివైపు పట్టిన దుమ్ములో వేలితో నా పేరు రాసి ఉంది. లియొకాదియా, పూర్తిగా. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక కూడా ఈ మనిషి లోడు దింపే చోట ఒంటరిగా కూర్చుని నా పేరు రాసుకుంటాడా అని ఎంత మురిసిపోయానో నీకు చెప్పలేను. అద్దమంతా తుడిచి ఆ ముక్క మాత్రం వదిలేశాను. వారం రోజులు పాటలు పాడుకుంటూ తిరిగాను. ఆ అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని, ఒకటి తిరగబడి ఉందని అప్పుడు నాకు తోచలేదు.

ఇవాళ సంతలో పూలు పెట్టుకుని కూర్చున్నాను. పక్కన అవకాడోలు అమ్మే కాసిల్దా, “లియొకాదియా, ఆ కత్తి ఒకసారి ఇలా ఇయ్యవే” అంది. నా ముందు ఒక ముసలావిడ పూలు బేరం చేస్తోంది. ఆవిడ వెనకనుంచి పదేళ్ళ పిల్ల ఒకతి తల బయట పెట్టి నన్ను చూసింది.

“మీ పేరు నిజంగా లియొకాదియానా?”

“అవును. ఏం?”

“నా పేరూ అదే. అయితే మీరు నా తొకాయా.”

నాకు నవ్వొచ్చింది. ఈ పేరున్న మనిషి నాకు పుట్టి బుద్ధెరిగాక ఎదురుపడలేదు. “సరే తొకాయా, ఇందా” అని ఒక పువ్వు దాని జడలో పెట్టాను.

“మన పేరే ఉన్నవాళ్ళని పేరుపెట్టి పిలిస్తే మనల్ని మనమే కేకేసుకున్నట్టు ఉంటుందట. అందుకని తొకాయా అనాలిట. లారీ మామయ్య చెప్పాడు” అంది. “నాకు ఇంకో తొకాయా ఉందని కూడా చెప్పాడు. మీరేనా?”

“ఏ లారీ మామయ్య?”

అప్పుడు ఆ ముసలావిడ నా ముఖం చూసింది అక్కా. చూసి, బేరం చేసిన పూలు అక్కడే వదిలేసి, పిల్ల చెయ్యి పట్టుకుని లాగింది. నేను ఏదో ఒకటి అడిగి ఆపాలని, “నువ్వు డిసెంబరులో పుట్టావా అమ్మా?” అన్నాను. పిల్ల వెనక్కి తిరిగి, “కాదు, జూన్‌లో” అని అరిచింది. అంతే, జనంలో కలిసిపోయారు.

నా పేరు ఎలా వచ్చిందో నీకు తెలుసు. డిసెంబరు తొమ్మిదిన పుట్టాను కాబట్టి నాన్న క్యాలెండరులో ఆ రోజు పునీతురాలెవరో చూసి పెట్టేశాడు. ముసలమ్మ పేరని నువ్వు నన్ను ఏడిపించేదానివి. జూన్‌లో పుట్టిన పిల్లకి వెతికి వెతికి డిసెంబరు పేరు ఎవరు పెడతారు? పైగా జూన్ అన్న మాట వింటే నాకేమవుతుందో నీకు వేరే చెప్పాలా.

భోజనాల దగ్గర ఏమీ ఎరగనట్టు, “ఇవాళ సంతలో నా తొకాయా ఒకతి కనబడింది” అన్నాను. ఫిదెన్సియో రొట్టె తుంచుతున్నవాడు సగంలో ఆగిపోయాడు.

“ఎంత పెద్దావిడ?” అన్నాడు.

“చిన్నపిల్ల.”

“దేశంలో ఒకే పేరు గలవాళ్ళు బోలెడుమంది ఉంటారు” అన్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు.

ఈలోగా అత్తయ్య అందుకుంది. ఏనాడూ భోజనం దగ్గర నోరు విప్పని మనిషి! “తొకాయా అంటే స్పానిష్ వాళ్ళ మాట అనుకుంటారు గానీ అది మా మాటేనే అమ్మాయ్. మా నహువా భాషలో పేరుని తోకాయిత్ల్ అంటాం. మగవాణ్ణయితే తొకాయో అంటారు, పేరు గలవాడు అని. వాళ్ళొచ్చి మా మొక్కజొన్న తిన్నారు, మా మాటలూ తిన్నారు” అంటూ మొదలుపెట్టి, గిన్నెలు కడిగేదాకా ఆపలేదు. కొడుకు మీద నుంచి నా చూపు మళ్ళించడానికి కాకపోతే ఆవిడకి ఇవాళే ఈ పాఠం ఎందుకు గుర్తొచ్చింది?

అక్కా, నాకు ఒకటే తోస్తోంది. రెండో ఇంట్లో పుట్టిన పిల్లకి మొదటి ఇంటి పెళ్ళాం పేరు పెట్టుకుంటే మగవాడికి ఎంత సుఖమో ఆలోచించు. నిద్రలో పలవరించినా దొరకడు. ఆ పిల్ల అద్దం మీద పేరు రాసుకున్నా దొరకడు. పెళ్ళాం పాటలు పాడుకుంటూ తిరుగుతుంది.

నీ
లియొకాదియా


అత్లిస్కో,
నవంబరు, పండుగ వెళ్ళిన తరువాత

అక్కా,

నీ ఉత్తరం చూశాను. “అతని ముఖం పట్టుకుని సూటిగా అడుగు, ఊహించుకుని చావకు” అన్నావు. అడగలేను. అడిగితే అబద్ధం చెబుతాడు, ఆ అబద్ధం నేను నమ్ముతాను. నాకు నా సంగతి తెలుసు.

ఫాదర్ ఎలీహియో గుడికి బంతి దండలు చెప్పడానికి వచ్చినప్పుడు, అత్తయ్య చెప్పిన మాట నిజమేనా అని మాటవరసకి కదిపాను. ఆయన నవ్వి, “మీ అత్తగారి మాట కాదనడానికి నేనెవరిని? కానీ నేను చదువుకున్న చోట వేరే చెప్పారమ్మా. పూర్వం రోమువాళ్ళ పెళ్ళిలో వధువు వరుడితో ఒక మాట అనేదట. నువ్వు కాయుస్‌గా ఉన్నచోట నేను కాయాగా ఉంటాను అని. ఆ మాటలోంచే తొకాయో వచ్చిందంటారు” అన్నాడు. అత్తయ్య పొయ్యి దగ్గర నుంచే, “వాళ్ళ పెళ్ళిళ్ళకి మా ఊరి మాట ఎందుకు ఫాదర్?” అంది. ఆయన దానికీ నవ్వి, ఖాయంగా ఎవరికీ తెలియదని ఒప్పుకుని, జావ తాగి వెళ్ళిపోయాడు. వాళ్ళకది కబుర్లు. నాకు మాత్రం పెళ్ళి అన్న మాట చెవిలో ఉండిపోయింది. ఒకే పేరు, ఒకే ఇల్లు. నువ్వున్నచోట నేనుంటాను. అంటే ఎక్కడో ఒక ఇంట్లో నా పేరు హాయిగా కాపురం చేస్తోంది, ఇక్కడ నేను దండలు కడుతున్నాను.

పండుగకి పోయిన పసిపిల్లల ఆత్మలు వచ్చే రోజున నా బిడ్డకి ఎప్పటిలాగే చిన్న కొవ్వొత్తి, పాలు, తీపి రొట్టె పెట్టాను. పేరు పెట్టకుండా పోయిన బిడ్డ. పోయినవాళ్ళ కోసం పెట్టిన బల్ల మీద మామగారి పేరుంది, మన అమ్మానాన్నల పేర్లున్నాయి, ఆ కొవ్వొత్తి దగ్గర మాత్రం ఏమీ రాయలేదు. అత్తయ్య చెప్పిన మాట అప్పుడు గుచ్చుకుంది. తొకాయో అంటే పేరు గలవాడు. నా బిడ్డకి అది కూడా లేకపోయింది. దాని పేరు, నా పేరు, ఎవరో ఎగరేసుకుపోయారు.

ధూపం వేస్తూ ఉండగా ఇంకో ఆలోచన వచ్చింది. బిడ్డ చనిపోయిందని వాళ్ళు చెబితే నేను నమ్మాను. నేను చూశానా? నువ్వప్పుడు బాలింతవి, రాలేకపోయావు. ఆసుపత్రిలో ప్రసవం కాగానే నాకు జ్వరం ముంచుకొచ్చింది. కళ్ళు తెరిచేసరికి పాతిపెట్టడం కూడా అయిపోయింది. కానీ ఆ జ్వరంలో నాకొకటి గుర్తుంది. నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఒక పసిబిడ్డ నా దగ్గర పాలు తాగింది. ఒకసారి కాదు. తల బరువు నా మోచేతి మీద తెలిసింది. పాలు లాగుతూ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగేది. నాకు తెలివి వచ్చాక బిడ్డేదని అడిగితే, “జ్వరంలో ఏవేవో కనబడతాయి, మరిచిపో” అని ఫిదెన్సియో, అత్తయ్య, ఇద్దరూ ఒకే మాట అన్నారు. చెప్పి చెప్పి నమ్మించారు. ఇక ఆ రోజుల సంగతి ఈ ఇంట్లో ఎత్తవద్దని నేనే అన్నాను. ఎంత మంచి అవకాశం ఇచ్చానో వాళ్ళకి.

ఇప్పుడు లెక్క చూడు. నేను కన్నది పదేళ్ళ కింద జూన్‌లో. పిల్లకి పదేళ్ళు. జూన్. నా పేరు. నా బిడ్డ చావలేదేమో అక్కా. ఎవరికో ఇచ్చేశారేమో. ఎందుకిచ్చారో నాకు తట్టడం లేదు. లేకపోతే రెండోదే నిజం. నేను ఇక్కడ జ్వరంతో పడి ఉంటే అతనికి అదే నెలలో ఇంకోచోట కూతురు పుట్టింది. రెండిట్లో ఏది నిజమైనా ఈ ఇంట్లో నేను తినే తిండి నాది కాదు.

గురువారాలు ఎరువు కోసం ఇసూకర్ వైపు వెళ్తానంటాడు. మొన్న గురువారం పంటినొప్పి అని చెప్పి నేను బస్సెక్కాను. దారిలో ప్రతి ఊరి దగ్గరా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చెరకు తోటల మధ్య సాన్ బార్తోలో అని చిన్న ఊరుంది. అక్కడ ఒక ఇంటి ముందు మా లారీ. దిగి, రోడ్డుకి ఇవతల మొక్కజొన్న రొట్టెలు కాల్చే కొట్టు వెనక నిలబడ్డాను. నా మొగుడు నిచ్చెన ఎక్కి ఆ ఇంటి పెంకులు సర్దుతున్నాడు. మా ఇంటి పెంకులు పోయిన వానాకాలం నుంచి కారుతున్నాయి. ఆ పిల్ల కింద నుంచి పెంకులు అందిస్తూ ఏదో అంటోంది. అతను నవ్వాడు. అతనికి అలాంటి నవ్వు ఉందని నేను మరిచిపోయాను.

కొట్టు నడిపే ఆవిడని, “ఆయనెవరు?” అని అడిగాను.

“ఆ పిల్ల వాళ్ళకి బాగా కావలసినవాడు. ఏళ్ళ తరబడి వస్తున్నాడు” అంది. “మీకేమవుతాడు?”

“ఏమీ కాడు” అని చెప్పి వచ్చేశాను.

నేను నిర్ణయించుకున్నాను. వచ్చే గురువారం కాకుండా వేరే రోజు వెళ్ళి ఆ ముసలిదాని నోటినుంచి నిజం కక్కిస్తాను. ఆ తర్వాత నీ దగ్గరికి వచ్చేస్తాను. పిల్ల నాదైతే దాన్నీ తెస్తాను, ఎవరు అడ్డొస్తారో చూస్తాను. మీ ఆయనతో ఒక మాట చెప్పి ఉంచు.

నీ
లియొకాదియా


అత్లిస్కో,
డిసెంబరు మొదటివారం

ప్రియమైన అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదని కంగారు పడి ఉంటావు. క్షమించు. రాయడానికి కూర్చోవడం, లేచిపోవడం, అదే పనైంది.

సాన్ బార్తోలో వెళ్ళాను. పిల్ల బడికి పోయింది. ముసలావిడ, పేరు రెమీహియా, వాకిట్లో చిక్కుళ్ళు ఏరుతోంది. నన్ను చూసి పారిపోలేదు. “వస్తావని తెలుసు” అని పీట జరిపింది. నేను కూర్చోలేదు. బస్సులో దారంతా సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది.

“ఆ పిల్ల ఎవరిది?”

“నా కూతురు ఓబ్దులియాది.”

“నీ కూతురెక్కడ? పిలువు. నా మొగుడితో కాపురం చేస్తున్నదాన్ని నేనూ చూడాలి.”

ఆవిడ చిక్కుళ్ళ చేట పక్కన పెట్టింది. “ఆసుపత్రిలో, నీ పక్క మంచం మీదే పోయిందమ్మా. పిల్లని కన్న రోజే. నీకెలా తెలుస్తుంది, నీకు ఒళ్ళు కాలిపోతూ ఉంది” అంది.

అప్పుడు కూర్చున్నాను. పీట మీద కాదు, నేల మీద.

ఆవిడ మెల్లగా చెప్పింది. పుట్టిన పిల్లకి డబ్బా పాలు పడితే కక్కేసేదట. ఏడవడానికి కూడా ఓపిక లేక నీలంగా అయిపోతూ ఉంటే ఆవిడ వార్డంతా తిరిగి కనబడ్డ ప్రతి బాలింత కాళ్ళూ పట్టుకుందట. ఎవరి బిడ్డలు వాళ్ళకున్నారు. నా బిడ్డ అంతకు ముందే పోయింది. నాకు పాలు పొంగి, కట్టిన గుడ్డలు తడిసిపోతున్నాయి. నర్సుని అడిగితే నా జ్వరంవల్ల పిల్లకేమీ కాదందట. ఫిదెన్సియో అప్పుడే బిడ్డని పాతిపెట్టి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాడట.

“నీ మొగుణ్ణి అడిగాను” అంది ఆవిడ. “లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, నా దగ్గర్నుంచి పిల్లని తీసుకుని, తనే నీ దగ్గర పట్టుకుని కూర్చున్నాడు. నీకు చేతులెత్తే శక్తి లేదు. నువ్వు కళ్ళు మూసుకునే దాని తల నిమిరేదానివి. మా అమ్మే, మా అమ్మే అనేదానివి. నీకు జ్వరం దిగేదాకా అలాగే జరిగింది. ఈలోగా మా ఊళ్ళో ఒక బాలింత దొరికింది.”

“నన్ను అడగలేదు” అన్నాను. “తెలివొచ్చాక కూడా చెప్పలేదు. నా ఒంట్లోంచి పాలు తీసుకుని, నేను పిచ్చిదాన్నని చెప్పారు.”

“అవును” అంది ఆవిడ. “పేరు కూడా అడగకుండానే తీసుకున్నాను. నీ మంచానికి కట్టిన చీటీ మీదది చదివించుకుని, తిన్నగా గుడికి పోయి పెట్టించాను. దాని తల్లి పేరు పెట్టమన్నారు అందరూ. బతికించిన మనిషి పేరుంటే బతుకుతుందని నాకు ఆశ” అంది.

అక్కా, నా బిడ్డ చావలేదన్న ఆశ ఒకటి నాలో ఉండిందని అప్పటిదాకా నాకు సరిగ్గా తెలియలేదు. అది ఆ వాకిట్లో పోయింది. పదేళ్ళ కింద జ్వరంలో ఏడవని ఏడుపు అక్కడ ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. పక్కన కూర్చుని తన కూతురి కోసం ఏడ్చింది. ఇద్దరం ఒకరి పైటలు ఒకరు తడుపుకున్నాం.

ఇంటికి వచ్చి ఫిదెన్సియో ముందు నిలబడ్డాను. అంతా తెలుసని చెప్పాను. మొక్కలకి నీళ్ళు పోస్తున్నవాడు గొట్టం కింద పడేశాడు.

“ఎందుకు చెప్పలేదు?”

“నువ్వది నీ బిడ్డే అనుకున్నావు. జ్వరం దిగుతుంటే నీ దగ్గర్నుంచి ఆ పిల్లని లాగి తీసుకున్నది నేనే. నువ్వు అరిచావు. నీకు గుర్తులేదు. దేవుడి దయ అనుకున్నాను” అన్నాడు. “మొదటి ఏడు చెబితే నువ్వు ఆ పిల్ల కోసం పరిగెత్తుతావని భయం. రెండో ఏడు, మొదటి ఏడు ఎందుకు చెప్పలేదంటావని భయం. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే.”

“నువ్వు మాత్రం వెళ్ళావు.”

“వెళ్ళాను. దాని తండ్రి చెరకు కోతకి పోయి తిరిగి రాలేదు. ఇంట్లో మగ దిక్కు లేదు.” వంగి గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. “నిజానికి అదీ కాదు లియో. ఎవరైనా ఆ పేరుతో దాన్ని పిలిస్తే, చిన్న గొంతు పలుకుతుంది కదా. అది వినడానికి వెళ్ళేవాణ్ణి.”

కొట్టాలనిపించింది. దగ్గరకి తీసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. పదేళ్ళపాటు ఆ గొంతు అతనొక్కడే విన్నాడు, నేను పిచ్చి జ్వరాన్ని నిందించుకుంటూ కూర్చున్నాను. దాన్ని ఒక్క సాయంత్రంలో మాఫీ చెయ్యడం నావల్ల కాదు. అత్తయ్య గదిలోంచి వచ్చి, “వాణ్ణి అనకు, దాచమన్నది నేను” అంది. ఇద్దరితోనూ మాటలు మానేశాను. అత్తయ్య మూడు పూటలూ నా కంచంలో ముందు వడ్డిస్తోంది. చూస్తూనే ఉన్నాను, కరగడం లేదు. నిన్న మాత్రం ఫిదెన్సియో ఇంటి పైకప్పు ఎక్కి పెంకులు సర్దుతుంటే, “ఆ మూలది కూడా చూడు, అక్కడే ఎక్కువ కారుతుంది” అన్నాను. అంతే అన్నాను.

పిల్ల సంగతి చెప్పలేదు కదూ. అతన్ని నిలదీసిన మర్నాడే మళ్ళీ వెళ్ళాను, బస్సులో. లారీలో తీసుకెళ్తానన్నాడు, తల అడ్డంగా ఊపాను. రెమీహియా దానికి అంతా చెప్పి ఉంచింది. గుమ్మానికి ఆనుకుని నన్ను ఎగాదిగా చూసింది. ఈసారి నన్ను అనుమానించడం దాని వంతైంది.

“నన్ను తీసుకుపోవడానికి వచ్చారా?”

“లేదు.”

“మరి ఎందుకొచ్చారు?”

“చూడటానికి.”

జరిగి పక్కన చోటిచ్చింది. రెమీహియా లోపల్నుంచి, “అమ్మా అని పిలవవే, నీకు పాలిచ్చింది” అంది. పిల్ల నోరు తెరిచింది. ఆ మాట వినాలని నాకు ఎంత ఆశగా ఉందో దేవుడికే తెలుసు అక్కా. కానీ గోడ మీద ఓబ్దులియా ఫొటో ఉంది. ఇరవై ఏళ్ళు కూడా లేని పిల్ల, పెళ్ళి గౌనులో. పోయినదానికి మిగిలింది ఆ పిలుపొక్కటే. అది కూడా నేను తీసుకుంటే ఎలా?

“వద్దు” అన్నాను. “మీ అమ్మ ఆవిడే. నన్ను తొకాయా అను.”

“అంతేనా?” అంది, కాస్త నిరాశగా.

“అంతే. అది మనిద్దరికే చెందిన మాట. మీ అమ్మమ్మ కూడా అనలేదు, లారీ మామయ్య కూడా అనలేడు.”

అది దానికి నచ్చింది. సాయంత్రం దాకా ప్రతి మాటకీ చివర తగిలించి నా చెవులు చిల్లులు పొడిచింది. జడ విప్పు తొకాయా, ఇది తిను తొకాయా, మీకు ఈత వచ్చా తొకాయా. నాకు రాదంటే, సముద్రం చూశారా అని అడిగింది. మా అక్క సముద్రం పక్కనే ఉంటుందని చెప్పాను. ఇక ఊపిరాడనివ్వలేదు.

కాబట్టి వస్తున్నాను అక్కా, కానీ ఉండిపోవడానికి కాదు. క్రిస్మస్ సెలవుల్లో వారం రోజులకి. ఇద్దరం వస్తాం. ఫిదెన్సియోకి పూల లోడ్లు ఉన్నాయి, రాడు. రమ్మని నేనూ అనలేదు. పిల్ల నీళ్ళంటే భయం లేనిది, ఒక కన్ను వేసి ఉంచాలి. మీ ఇంట్లో పేరు పిలిచి గందరగోళ పడకుండా ఇప్పుడే చెబుతున్నాను, నన్ను ఇక మీదట ఎలా పిలవాలో కింద సంతకంలో చూసుకో.

ప్రేమతో
పెద్ద లియొకాదియా